ఆతిథ్యం దక్కితేనే ఆట గుర్తొస్తుందా?

జపాన్ వాటర్ పోలో క్రీడాకారుడు సెయా అదాచీ 2016లో రియో, 2021లో టోక్యో, 2024లో పారిస్, ఇలా వరసగా మూడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. ఆ మూడింటిలోనూ జట్టు క్వార్టర్ ఫైనల్ గడప తొక్కలేదు. పతకాల పట్టికే లోకమనుకునే క్రీడా పెద్దల లెక్కలో ఇన్నేళ్ల శ్రమకు దక్కిన విలువ సున్నా. ఆ లెక్కతోనే మాకు పేచీ.

రెండు మీటర్ల లోతు నీటిలో కాలు కింద మోపే వీల్లేకుండా, కాళ్లతో నీటిని గుండ్రంగా తొక్కుతూ, ఎనిమిది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు తేలుతూనే, బంతిని ప్రత్యర్థి గోల్‌లోకి విసురుతూ ఆడాల్సిన ఆట ఇది. ఐరోపా ఆటగాళ్ల భారీ శరీరాలతో కుస్తీ పట్టి నెగ్గలేమని గ్రహించిన జపాన్, కోచ్ యోజీ ఓమోతో హయాంలో ప్రత్యర్థి వెనుక కాకుండా ముందు నిలిచి, బంతి వచ్చే దారినే మూసి, దాన్ని లాక్కుని ఎదురుదాడికి దిగే పద్ధతిని అలవరచుకుంది. 32 ఏళ్ల తర్వాత రియోకు అర్హత సాధించిందీ, ప్రేక్షకులు లేని టోక్యో తత్సుమి కొలనులో, చివరికి రజతం గెలిచిన గ్రీస్‌ను 10-9 దాకా నెట్టుకొచ్చిందీ ఈ ఆటతోనే. అక్కడే దక్షిణాఫ్రికాపై 24-9తో గెలిచి, ఒలింపిక్స్‌లో 37 ఏళ్ల తర్వాత తొలి విజయం అందుకుంది. 2023లో హాంగ్జౌలో ఆసియా క్రీడల స్వర్ణాన్ని 53 ఏళ్ల తర్వాత తిరిగి తెచ్చుకుని, పారిస్‌కు అర్హత సాధించి సొంత కాళ్లపైనే నడిచింది.

ప్రజాధనాన్ని పతకాలు వచ్చే ఆటలకే వెచ్చించాలనే వాదన ఉంది, దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే టోక్యోకు 30 స్వర్ణాల లక్ష్యం పెట్టుకున్న పెద్దలే, అదే క్రీడల్లో ఆతిథ్య దేశానికి అర్హత పోటీలు లేకుండానే దక్కే కోటా కింద మహిళల వాటర్ పోలో జట్టును తొలిసారి ఒలింపిక్స్ కొలనులోకి దింపారు. మూడేళ్లు తిరిగేసరికి పారిస్‌లో ఆ జట్టు ఊసే లేదు. కోటా ఉన్నంతవరకే జట్టు, వేడుక ఉన్నంతవరకే ఆట అన్నట్టుగా సాగిన ఈ వ్యవహారాన్ని కపటమనక మరేమనాలి? ఆటగాళ్లు అతిథులకు చూపించి ఆనక అటక మీద పడేసే సామాను కాదు.

ఈ పాడు ఆనవాయితీ మనకూ కొత్తది కాదు. వాటర్ పోలోలో భారత్ 1951లో ఆసియా స్వర్ణం, 1982లో కాంస్యం గెలిచింది, రెండూ ఢిల్లీ ఆతిథ్యమిచ్చిన క్రీడల్లోనే. ఆ తర్వాత ఆ ఆటను పట్టించుకున్న నాథుడు లేడు. 2036 ఒలింపిక్స్ కోసం ఉవ్విళ్లూరుతున్న మన ప్రభుత్వం, కోటా కింద దక్కే జట్లను ఆ తర్వాత ఎవరు పోషిస్తారో ఇప్పుడే చెప్పాలి.

2026 ఆసియా క్రీడలకు ఐచి-నగోయా వేదిక. అంటే జపాన్‌కు మళ్లీ ఆతిథ్యం, మళ్లీ చప్పట్లు. క్రీడలు ముగిసిన మర్నాటి నుంచి ఈ జట్లు ఏ కొలనులో, ఎవరి ఖర్చుతో సాధన చేయాలో ఆ దేశపు క్రీడా పెద్దలు ముందుగా తేల్చాలి. అది తేల్చలేనివారు అదాచీ లాంటి ఆటగాళ్ల పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి సిగ్గుపడాలి.