పెద్దమంట గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పెద్దమంట గారికి,

గ్యాస్ పొయ్యి వెలిగించగానే పూర్తి వైభవంతో లేచి, గిన్నె అడుగుతో సరిపెట్టుకోకుండా దాని పక్కలను కూడా నిమిరి, పట్టకారు పట్టుకున్న చేతిని సైతం పలకరించి పోయే తమ ఉదార స్వభావాన్ని ఎంత పొగిడినా తక్కువే. తమరుంటేనే వంట త్వరగా అవుతుందన్న నమ్మకం మా ఇళ్లలో ఎంత గట్టిదంటే, ఎవరైనా కాస్త సెగ తగ్గించారో లేదో, "ఇలాగైతే అన్నం ఎప్పటికి ఉడికేను?" అంటూ తమరిని మళ్లీ సింహాసనం ఎక్కిస్తారు.

తమ కీర్తికి అడ్డు వస్తున్నది నీరొక్కటే. సుమారు 100 డిగ్రీల దగ్గర మరగడం మొదలైన నీరు, కింద తమరు ఎంత ఎగిసిపడినా, మామూలు గిన్నెలో అంతకు మించి వేడెక్కడానికి ఒప్పుకోదు. అందులోని బియ్యానికీ బంగాళాదుంపకూ తమరున్నా, తమ తమ్ముడు సన్నమంట ఉన్నా అందే వేడి ఒకటే. మరుగు తగ్గకుండా చూసుకుంటే చాలు, అవి ఉడికే సమయమూ దాదాపు ఒకటే. తమరు అదనంగా మింగిన గ్యాసంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. 30 డిగ్రీల నీటిని మరుగుకు తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్లకు పైగా వేడి, ఆ మరిగిన నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి కావాలి. అంటే మూత పెట్టకుండా పప్పుచారు తెర్లబెట్టే ప్రతి ఇంట్లోనూ సిలిండర్‌లోని 14.2 కిలోల్లో కొంత భాగం కిటికీలోంచి వెళ్లి, పక్కింటివారికి ఇంగువ వాసనను ఉచితంగా పంచుతోంది. దానం మంచిదే గాని, దాతను ఒక్క మాట అడగవలసింది.

ఒకవైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంటోంది, తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది నుంచి అర్హులకు 500 రూపాయలకే సిలిండర్ అంటోంది. రెండు ప్రభుత్వాలు కలిసి మేపుతున్నా తమ ఆకలి తీరకపోవడం చూస్తే ఎవరికైనా గౌరవం కలగక మానదు.

ప్రెషర్ కుక్కర్‌ను తమరు లొంగదీసుకున్న తీరు మరీ ఘనమైనది. ఒత్తిడి వల్ల లోపలి వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టే పప్పు అంత త్వరగా మెత్తబడుతుంది. విజిల్ వచ్చిందంటే ఒత్తిడి నిండింది, ఇక సెగ తగ్గించమని అది వేడుకుంటోందన్న మాట. మేము మాత్రం ఆ మొర వినకుండా, తమరిని అలాగే ఉంచి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం. కందిపప్పును ముందే అరగంట నానబెట్టి, అదే కుక్కర్‌లో పై గిన్నెలో బియ్యం పెట్టి, విజిల్ రాగానే సెగ తగ్గించి, ఆపైన పొయ్యి కట్టేసి ఒత్తిడి దానంతటది దిగేదాకా కదపకుండా వదిలేస్తే, లోపలి వేడికే మిగతా పని జరిగిపోతుంది. ఆ కాస్త సమయం తమ ఉద్యోగానికి ఎసరు పెడుతుందని తమకు తెలిసే ఉంటుంది.

ఖర్చు సంగతి పక్కన పెట్టి రుచికి వద్దాం, ఎందుకంటే మా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది. గుత్తి వంకాయ కూర తమ పాలన కింద అడుగంటిందే గాని ఎన్నడూ మగ్గలేదు. మసాలా మాడుతుంది, కాయ లోపల పచ్చిగానే ఉంటుంది. మందపాటి మూకుడులో వంకాయలు సర్ది, పైన నీళ్లు పోసిన పళ్లెం మూతగా పెట్టి, సన్నని సెగ మీద వదిలేసిన మా పెద్దవాళ్లు గ్యాస్ ఆదా చేయడానికి అలా చేయలేదు. ఆ మూత కింద దిగే చెమటకే కాయ వెన్నలా అవుతుందని, నూనె తనంతట తానే పైకి తేలుతుందని వాళ్లకు తెలుసు. కుంపటి మీద మధ్యాహ్నమంతా కాగిన పాలకు వచ్చే ఆ ఎర్రని మీగడ తమ చేతుల మీదుగా వచ్చిన సందర్భం మాకు గుర్తు లేదు. ఇక తెలంగాణ పచ్చి పులుసు తమకు జరిగిన అవమానమనే చెప్పాలి. చింతపండు రసం, తరిగిన ఉల్లిపాయ, కాల్చి నలిపిన పచ్చిమిర్చి, చివరగా గరిటెడు పోపు. నిమిషం పాటు తమరిని పిలిచి పంపించేస్తే, మే నెల ఎండలో వేడి అన్నంలోకి అంతకు మించినది ఏముంది?

తమరిని ఇంటి నుంచి వెళ్లగొట్టే ఉద్దేశం లేదు. పూరీలు వేయించేటప్పుడు, ఎసరు మరిగించేటప్పుడు తమరు లేకపోతే ఇబ్బందే. అయితే ఇకమీదట గిన్నె అడుగు దాటి బయటికి రాకూడదు, మరుగు రాగానే తమ్ముడికి అధికారం అప్పగించాలి, నీలి రంగు మానేసి పసుపు రంగుకు తిరిగితే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేసేదాకా సెలవులో ఉండాలి. చూపు తిప్పిన క్షణంలో పాలు పొంగించడంలో తమ పాత్రపై విచారణ వేరుగా జరుగుతుంది.

ఇట్లు,
తమ మేత ఖర్చు భరిస్తున్న గృహస్థు