మహారాజశ్రీ ‘ఇంకొక్క కోటు’ గారికి

అయ్యా,

రంగు మీద ఇంకొక్క పొర కొట్టించే మీ రాకకు ఒక ముహూర్తం ఉంది. ప్లాస్టిక్ కిట్‌తో కట్టే బుల్లి మోడల్ కారు బాడీ మీద రంగు సరిగ్గా కుదిరి, తడి మెరుపు ఇంకా తగ్గకముందే చెవి దగ్గర చేరతారు. ‘‘ఆ రూఫ్ అంచున కాస్త పల్చగా ఉన్నట్టుందే. స్ప్రే క్యాన్‌లో ఇంకా ఉందిగా. ఒక్కసారి అలా...’’ అంటారు. ఆ ‘అలా’కి చెయ్యి లేస్తుంది. అర నిమిషంలో డోర్ కింది అంచున ఒక బొట్టు ఊరుతుంది, బరువెక్కుతుంది, అక్కడే గడ్డకడుతుంది. అప్పటికి మీరు ఉండరు.

మీకు లెక్కలు గిట్టవని తెలుసు. అయినా ఒకటి వినండి. 1/24 స్కేల్‌లో, అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు మోడల్ మీద, మీరు పరిచే 0.1 మిల్లీమీటరు మందం అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్లకు సమానం. అసలు కారుకు ఫ్యాక్టరీలో ప్రైమరూ (రంగు కింది పూత) రంగూ క్లియరూ (పైన వేసే పారదర్శక పూత) అన్నీ కలిపి వేసేదే 0.1 మిల్లీమీటరు పైచిలుకు. మీరు చేసేది పెయింటింగ్ కాదు మహాప్రభో, ప్లాస్టరింగ్! డోర్ సందు అసలు కారులో 4 మిల్లీమీటర్లనుకుంటే మోడల్‌లో 0.17కు దిగుతుంది. కిట్ చేసేవాళ్లు దయతలచి దాన్ని కాస్త వెడల్పుగానే ఇస్తారు. ఆ వెసులుబాటు మీ మొదటి విడత భోజనం. సందుకు రెండు గోడలు కదా, ప్రతి కోటూ రెండు వైపులనుంచీ పూడుస్తుంది. డిక్కీ మీద ఉబ్బెత్తు అక్షరాలైతే కొబ్బరి కోరంత ముద్దలవుతాయి. మీకు భయపడే కదా, ప్రైమర్ కొట్టకముందే బ్లేడు వీపుతో ప్యానెల్ లైన్లన్నీ (డోర్, బానెట్ చుట్టూ ఉండే సందు గీతలు) లోతు చేసుకుంటున్నది.

పద్ధతి తెలియక మిమ్మల్ని పిలుస్తున్నామనుకోకండి. అచ్చు జిడ్డు పోయేలా సబ్బునీళ్లతో కడగడం, ప్రైమర్, అది ఆరాక 1500 గ్రిట్ వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్దడం, ఇవన్నీ వచ్చు. క్యాన్‌ను చెయ్యి తాళేంత గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే ఒత్తిడి పెరిగి తుంపర సన్నబడుతుందనీ తెలుసు (పొయ్యి మీద పెడితే పేలుతుందనీ తెలుసు). 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, బాడీ బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, పొగమంచులా పల్చగా రెండు కోట్లు. మధ్యలో లాకర్ (త్వరగా ఆరే ఘాటు రంగు) అయితే పది పదిహేను నిమిషాల విరామం. ఆ తర్వాత ఒకే ఒక్క తడి కోటు. అక్కడితో చెయ్యి కడుక్కోవాలి. సరిగ్గా అక్కడే మీరు గొంతు సవరించుకుంటారు.

నిదానంగా ఆరే ఎనామెల్ రంగు దగ్గర మీ చేష్టలు మరీ ఘోరం. పైన పొర కట్టి, లోపల మెత్తగా ఉన్న వేళ చూసి వస్తారు. మీలోని థిన్నర్ ఆ పొరను ఉబ్బిస్తుంది. బానెట్ చూస్తుండగా ఎండు ద్రాక్షలా ముడతలు పడుతుంది. డబ్బా మీద రాసిన గంటల్లోపు రావాలి, లేదా పూర్తిగా గట్టిపడేదాకా రోజుల తరబడి ఆగాలి. మీకు రెండూ చేతకావు. ఎనామెల్ మీదికి లాకర్ వేషంలో వచ్చినా అదే ముడత.

ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన బాడీ మీద తెలుపు కొడితే గులాబీ రంగు తేలుతుంది. ‘‘నేనున్నాగా’’ అంటారు మీరు. ఎన్నిసార్లు వచ్చినా గులాబీయే. ప్లాస్టిక్‌లోని రంగును థిన్నర్ కరిగించి పైకి లాగుతోంది. ముందు సిల్వర్ పొర ఒకటి అడ్డు వేయాలి గానీ, తెలుపు మీద తెలుపు పేర్చి ఏం లాభం? పసుపు కప్పకపోయినా అంతే, తప్పు కింద ఉన్న బూడిద రంగు ప్రైమర్‌ది.

ఇంతకూ మీరు అవసరమైన చోట మాత్రం కనబడరు. క్లియర్ దగ్గర ఒకటికి రెండు కోట్లు కావాలి, ఎందుకంటే నారింజ తొక్కలాంటి గరుకును రుద్ది తీసేటప్పుడు అరిగేది అదే. ఫెండర్ మడత మీద, రూఫ్ అంచు మీద అది పల్చబడి, ప్యాడ్ తగలగానే కింద రంగు, ఆ కింద ప్రైమర్ పళ్లు ఇకిలిస్తాయి. ఆ అంచులకు టేపు అంటించి, 3000 నుంచి 12000 గ్రిట్ దాకా తడి ప్యాడ్లతో ఒక్కో మెట్టూ ఎక్కాల్సింది మేము. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మల స్టిక్కర్లు) ఉన్నప్పుడు మాత్రం అడక్కుండానే చిక్కటి తడితో మొట్టమొదటే దిగి వాటిని ముడుచుకుపోయేలా చేస్తారు. అక్కడ ముందు పొడిపొడిగా తుంపర పడాలని ఎన్నిసార్లు మొత్తుకున్నామో.

వానరోజు మీ సందర్శన సంగతి వేరే చెప్పాలా? థిన్నర్ ఆవిరవుతూ పైపొరను చల్లబరిస్తే గాలిలోని చెమ్మ దిగి నల్ల కారు పాలపొర కప్పుకుంటుంది.

ఆ పైన సంస్కారాలన్నీ మావే. బాడీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పాత టూత్ బ్రష్‌తో రంగు ఊడదీయాలి. అది అక్రిలిక్ అయితే. మొండి లాకర్ అయితే కదలదు కూడా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఇట్లు,
మీ వల్ల మళ్లీ ప్రైమర్ దగ్గరికి చేరినవాళ్లు

తా.క.: బాడీ ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా కింద ఆరుతోంది. ముక్కు దగ్గర పెడితే ఇంకా వాసన వస్తోంది, అంటే పాలిష్‌కు రోజులు పడుతుంది. మీరు దయచేసి మూత ఎత్తకండి. దుమ్ము గారికి వేరే ఉత్తరం రాయాల్సి వస్తుంది.