రిపీటర్ కొండ మీద, భారం బ్యాటరీ మీద

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియో) గుర్తొచ్చేది అందుకే. వెంటనే వినిపించే సలహా: ఇంకో రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మరో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపే రేడియో) పెడదాం. ఒక్కదాన్నే పదిమందీ ఒద్దికగా వాడుకోవడం నేర్వకపోతే ఎన్ని పెట్టినా దండగే.

విశాఖలో రిపీటర్ అవసరం కొండల వల్ల వచ్చింది. హ్యామ్‌లు వాడే రెండు మీటర్ల బ్యాండు (145 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. మధురవాడలో 5 వాట్ల హ్యాండ్‌సెట్‌తో పిలిస్తే గాజువాకకు చేరకుండా సింహాచలం కొండలు అడ్డుపడతాయి. ఎత్తున ఉన్న రిపీటర్ ఇద్దరినీ వింటుంది. అది 145.700 మెగాహెర్ట్జ్‌లో పలుకుతుంటే మనం 600 కిలోహెర్ట్జ్ కిందకి, 145.100లో పంపాలి. రిపీటర్‌కు టోన్ (మాటతో పాటు పోయే, చెవికి దాదాపు వినిపించని గుర్తింపు ధ్వని) పెట్టి ఉంటే అదీ కలవాలి. కొత్తవాళ్లు ‘రిపీటర్ పని చేయట్లేదు’ అనే సందర్భాల్లో చాలావాటికి కారణం టోన్ సెట్ చేయకపోవడమే.

ఇక బ్యాటరీ లెక్క. 25 వాట్ల రిపీటర్ పంపేటప్పుడు 6 ఆంపియర్లు, ఊరికే వింటున్నప్పుడు 0.7 ఆంపియర్ లాగుతుందనుకుందాం. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంతకు మించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. గంటలో 30 శాతం సమయం పలికితే సగటున 2.3 ఆంపియర్లు, అంటే సుమారు 22 గంటలు. అదే కబుర్లతో 70 శాతానికి చేరితే 11 గంటలకే ఖాళీ. పవర్ 10 వాట్లకు తగ్గించినా పెద్ద నష్టం లేదు. రిపీటర్ గొంతు ఎంత దూరం పోయినా, 5 వాట్ల హ్యాండ్‌సెట్ అంత దూరం నుంచి దాన్ని చేరలేదు కదా.

సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్లు ఊరికే తుప్పు పట్టిపోతాయి. టేపు సరిగా చుట్టకపోతే కేబుల్‌లోకి నీరు దిగుతుంది. విచిత్రమేమిటంటే అప్పుడు కింద మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) ఇంకా బాగా కనిపిస్తుంది! యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్ కూడా కేబుల్‌లోనే హరించుకుపోతుంది మరి. కేబుల్ పై చివర డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పవర్‌ను వేడిగా మార్చుకునే పరికరం) తగిలించి పవర్ కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. డ్యూప్లెక్సర్ (ఒకే యాంటెన్నాతో ఒకేసారి పంపడానికీ వినడానికీ వీలుచేసే ఫిల్టర్) ట్యూనింగ్ తప్పితే మరో చిక్కు: రిపీటర్ బ్రహ్మాండంగా వినిపిస్తుంది, కానీ తన సొంత ట్రాన్స్‌మిషన్ వల్లే దానికి చెవుడు వచ్చి బలహీనమైన సెట్లను వినలేదు. నింద మాత్రం హ్యాండ్‌సెట్ మీద పడుతుంది.

వాడకంలో మర్యాద విషయానికొస్తే, ఎదుటివారు ముగించాక రెండు సెకన్లు ఆగి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కాలి. అత్యవసరంగా పిలిచేవాడు దూరేది ఆ సందులోనే. ఎక్కువసేపు నొక్కి ఉంచితే రిపీటర్‌లోని టైమర్ ప్రసారాన్ని కోసేస్తుంది. విపత్తు వేళ నెట్ కంట్రోల్ (ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే స్టేషన్) పిలిచేదాకా మౌనంగా ఉండాలి. సందేశం ముందే కాగితం మీద రాసుకోవాలి: ఎవరికి, ఎక్కడి నుంచి, సమయం, విషయం. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నిబంధనల ప్రకారం, మామూలు సమాచార వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు కలెక్టరు వంటి అధికారుల విపత్తు సందేశాలను హ్యామ్‌లు చేరవేయవచ్చు. వ్యాపార విషయాలకు మాత్రం చోటు లేదు.

చాలా సెట్లలో రివర్స్ మీట ఉంటుంది; అది నొక్కితే రిపీటర్‌కు పంపే ఫ్రీక్వెన్సీనే నేరుగా వినవచ్చు. అవతలివారు మాట్లాడుతుండగా అది నొక్కి వినండి. రిపీటర్ లేకుండానే గొంతు స్పష్టంగా వస్తే ఇద్దరూ సింప్లెక్స్ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే) ఫ్రీక్వెన్సీకి మారి, రిపీటర్‌ను ఖాళీ చేయండి.