మహారాజశ్రీ మాట్లాడే బొమ్మగారికి

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి బ్యాటరీలు కూడా దివ్యంగా ఉన్నాయని ఇవాళ మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసింది.

విషయానికొస్తాను. మా అత్తయ్యగారు ఈమధ్యే కోనసీమ నుంచి వచ్చారు. మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నారు. కింద రోడ్డు మీద పీచుమిఠాయి గంట మోగింది. "విన్నావా తల్లీ? గణగణ, గణగణ! ఎవరొచ్చారే? పీచుమిఠాయి తాతొచ్చాడు. ఏడీ, ఎక్కడున్నాడూ?" అని ఆవిడ ఆగారు. పిల్ల గ్రిల్లు సందులోంచి తొంగిచూసింది, వేలు చాపింది, నోరు తెరిచి "తా..." అంది. సరిగ్గా అప్పుడు సోఫా కింద నుంచి తమరు: "హలో! లెట్స్ ప్లే!"

మిమ్మల్నెవరు పిలిచారండీ? కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే బెంగొచ్చి మీ అంతట మీరే కేకేస్తారట. అదో సౌకర్యమని పెట్టె మీద గొప్పగా రాసుకున్నారు కూడా. పిల్ల ఒళ్ళోంచి జారి లోపలికి పరిగెత్తింది. ఆవు బటన్, ఆవు బటన్, మళ్ళీ ఆవు బటన్. అత్తయ్యగారు కాసేపు చూసి "ఆడుకుంటోందిలే" అని ఊరుకున్నారు. పీచుమిఠాయి తాత వీధి మలుపు తిరిగిపోయాడు. ఆ "తా" వెనకాల రావాల్సిన "త" ఇంకా రాలేదు.

మీ పెట్టె మీద "భాషా వికాసానికి" అని పెద్దక్షరాలున్నాయి. మీ పాండిత్యం ఏపాటిదో చూశాను. రైలు బటన్ నొక్కితే ఆవిరింజను కూత వస్తుంది, మేముండేదేమో మెట్రో పిల్లర్ ఎదురుగా. రూపాయి బిళ్ళంత స్పీకర్లోంచి సింహం గర్జిస్తే జలుబు చేసిన పిల్లిలా ఉంది. వాల్యూమ్ స్విచ్‌కి రెండే మెట్లు: గట్టిగా, ఇంకా గట్టిగా. ఇక మీ తమ్ముడు, ఆ పాటల పుస్తకం, బిళ్ళ సెల్లుల మీద బతుకుతాడు. పిల్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోగల సరుకది, అయినా వాడి మూతకి స్క్రూ లేదు. వాణ్ణి ఇప్పటికే ఇంట్లోంచి పంపించేశాం.

ఇవన్నీ క్షమిస్తాను. ఆ "తా" మాత్రం వదల్ను.

మా ఇంట్లో శబ్దం ఊరికే రాదండీ. కుక్కర్ కూతేస్తే నేను పరిగెత్తాలి, "అమ్మో, పప్పు మాడుద్ది" అనాలి. నూనెలో ఆవాలు చిటపటమంటే పిల్ల రెండడుగులు వెనక్కేస్తుంది, "దూరం, కాలుద్ది" అంటాను. కరివేపాకు పడగానే చుయ్‌మంటుంది, ఎండుమిరపకాయ ఘాటుకి అందరికీ తుమ్ములొస్తాయి, పిల్ల కూడా "హాచ్" అని నవ్వుతుంది. ఒక్క పోపు గరిటెలో ఎన్ని మాటలో లెక్కేసుకోండి. మెట్ల మీద గ్యాస్ బండ ఠంగుమంటే ఎవరో తలుపు తీయాలి. మీ ఆవు అరిస్తే ఏమవుతుంది? పాలివ్వదు, గేటు తోసుకురాదు, "హేయ్, పో" అని అదిలించే పని కూడా ఎవరికీ ఉండదు. మళ్ళీ అదే బటన్.

ఇదంతా అత్తాకోడళ్ళ కుట్ర అనుకోకండి. అమెరికాలో నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీకి చెందిన అన్నా సోసా గారు 10 నుంచి 16 నెలల పిల్లలు 26 మంది ఇళ్ళల్లో, వాళ్ళు అమ్మానాన్నలతో ఆడుకుంటుంటే రికార్డు చేయించారు. 2016లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చింది. చేతిలో పుస్తకం ఉంటే పెద్దవాళ్ళు నిమిషానికి సుమారు 67 మాటలు మాట్లాడారు. మామూలు బొమ్మలుంటే 56. మీ జాతివాళ్ళుంటే 40. ఆ బొమ్మల్లో ఒకటి మాట్లాడే పశువులశాల, అంటే సాక్షాత్తూ మీ పెద్దన్నగారే. ఆయన నోరు విప్పితే అమ్మలు నోరు కట్టేసుకున్నారు. పుస్తకాల దగ్గర పలికినంతగా పిల్లలూ పలకలేదు.

అంతకుముందు 2003లో సియాటెల్‌లో పాట్రీషియా కుల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి మాండరిన్ అనే చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనులు పిల్లలకి పట్టుబడ్డాయి. అవే మాటలు టీవీలో చూపించినా, ఒట్టి గొంతు వినిపించినా ఏమీ అంటలేదు.

తమరికి అన్నీ వచ్చు, ఆగడం తప్ప. "ఏడీ?" అని అడిగి ఓపిగ్గా ఊరుకోవడం మా అత్తయ్యగారికి తెలుసు. పిల్ల వెతుక్కుంటుంది, తడుముకుంటుంది, సగం మాట అంటుంది, మిగతా సగం ఆవిడ అందిస్తారు. నువ్వు అందిస్తావా? పిల్ల ఏమందో నీకు వినపడుతుందా అసలు? చెవుల్లేవు, నోరొక్కటే. చిన్న సందు దొరికితే చాలు దూరిపోతావు. మా ఇంట్లో సోఫా కింద పడుకుని మా పెద్దావిడ నోరు నొక్కేస్తావా? ఎంత ధైర్యం నీకు!

ఒక్క మాట ఒప్పుకోవాలి. పొద్దున్న బాక్సులు కట్టే వేళ, ఇంట్లో ఇంకో మనిషి లేనప్పుడు, ఆ కాసేపూ నువ్వే దిక్కు. ఆ విశ్వాసం కొద్దీ చెత్తబండికి వేయలేదు. అదీ మైకులో పాట పెట్టుకునే వస్తుంది, మీ ఇద్దరికీ బాగా కుదిరేది.

అంచేత, అత్తయ్యగారు ఊరెళ్ళేదాకా బీరువా మీద విశ్రాంతి తీసుకోండి. మీ బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌కి వేశాం. దాంతో నా తగువు వేరే ఉంది, అది మీకనవసరం. పిల్ల ఎంత ఏడ్చినా మీరు మాత్రం పైనుంచి పలకడానికి వీల్లేదు. స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ యజమానురాలి తల్లి