చిరంజీవి అని రాయలేకపోతున్నాను

షార్లెట్, నార్త్ కరొలైనా
శనివారం, బయట వాన

పది డాలర్ల పసుపుపచ్చ డ్రైవర్‌కు,

మా ఇంట్లో ఉత్తరం రాస్తే మొదట ‘చిరంజీవి’ అని పెట్టడం అలవాటు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నల్లగొండ నుంచి నాన్న రాసిన ప్రతి కార్డూ అలాగే మొదలయ్యేది. నీకూ అలాగే రాద్దామని పెన్ను పట్టుకుని ఆగిపోయాను. నిన్ను మార్చిలో కొన్నాను. జూన్ వచ్చేసరికి నీ అంచు కుక్క నమిలిన చెప్పులా తయారైంది. నిన్ను చిరంజీవి అంటే నీకే నవ్వొస్తుంది. పోనీ ‘ఉభయకుశలోపరి’ అందామా? నేను కుశలమే. నీ కుశలం ఎదురుగా బల్ల మీదే ఉంది, చూస్తూనే రాస్తున్నాను.

నిన్ను కొన్న రోజు నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ “కొత్త డ్రైవర్‌ని తీసుకున్నా” అని నోరు జారాను.

“కారు నువ్వే నడుపుతావు గదరా, డ్రైవరెందుకు? జీతమెంత?”

“పది డాలర్లు నాన్నా. ఒక్కసారి ఇస్తే చాలు.”

అవతల కాసేపు మాట లేదు. అంత తక్కువకి వచ్చినవాడు ఎన్నాళ్లు పనిచేస్తాడని ఆయన అనుమానం. డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటో, బంతి బదులు పళ్లెం విసరడమేమిటో, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట ఏమిటో, దూరం పోయే పళ్లేన్ని డ్రైవర్ అనడమేమిటో అంతా చెప్పాను. అంతా విని “అయినా పది డాలర్లంటే ఎక్కువ కాలం రాదులే” అన్నారు. పిండి కొద్దీ రొట్టె అని ఆయనకి తెలుసు. ఈ ఆట గురించి తెలియాల్సింది అంతకంటే పెద్దగా లేదు కూడా.

నీ వీపు మీద నాలుగు అంకెలు అచ్చేసి ఉన్నాయి. 12, 5, -1, 3. స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. షాపులో నేను మొదటిది మాత్రమే చదివాను. పక్కన 7 అని రాసి ఉన్నది కూడా అదే ధరకి దొరుకుతుంటే, అయిదు అంకెలు ఎక్కువొచ్చేది వదిలి ఎవడైనా దాన్ని కొంటాడా? ఆ 12 నీ దగ్గరున్న వేగం కాదని, విసిరేవాడి చేతిలో ఉండాల్సిన వేగమని తెలిసేసరికి బిల్లు ఎక్కడో పోయింది. గ్లైడ్ అంటే గాల్లో ఎంతసేపు తేలతావో. టర్న్ అంటే జోరు మీదున్నప్పుడు కుడికి ఎంత ఒరుగుతావో. మైనస్ పెరిగేకొద్దీ ఒరుగుడు పెరుగుతుంది. ఫేడ్ అంటే జోరు తగ్గాక ఎడమకి ఎంత పడిపోతావో. నాలాగా కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఎడమవైపు నుంచి ముందుకి ఊపి, విసిరేవాళ్ల లెక్క ఇది, ఎడమచేతివాళ్లు తిరగేసి చదువుకోవాలి.

మొదటి నెలంతా నువ్వు చేసిందొక్కటే. చేతిలోంచి బుద్ధిగా బయల్దేరడం, నూట యాభై అడుగుల దగ్గర ఏదో మర్చిపోయినట్టు ఎడమకి తిరగడం, పైన్ చెట్లలోకి పోవడం. ఫేడ్ 3 అని రాశారు గానీ నా చేతికి అది 13. నాలుగో బుట్టకి ఎడంపక్కన ఒక పైన్ ఉంది. ప్రతి శనివారం పొద్దున దానికీ నీకూ ‘టక్’మని పలకరింపు. తర్వాత ఎర్రమట్టిలో దొర్లడం. ఈ ఊరి మట్టి అచ్చం మా నల్లగొండ చెల్కల మట్టే. తడిస్తే వదలదు, ఎండితే ఇటుకే. చెట్టు తప్పిన రోజున మట్టి, మట్టి తప్పితే పార్కింగ్ లాట్ తారు. నీ అంచు అన్నిటినీ రుచి చూసింది.

మే నెలలో ఒక శనివారం అద్భుతం జరిగింది. అదే నాలుగో బుట్ట, అదే విసురు. నువ్వు పైన్ వైపు చూడనైనా చూడలేదు. కొంచెం కుడికి ఒరిగి, మళ్లీ సర్దుకుని, గీత గీసినట్టు తిన్నగా పోయి, ఆఖర్న ఎడమకి చిన్న మర్యాదపూర్వకమైన వంగుడు వంగి బుట్ట పక్కనే వాలావు. ఫోన్ తీసి దూరం కొలిచాను. 240 అడుగులు. నమ్మకం లేక ఇంకోసారి కొలిచాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను చేసిన పనులు తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇరవై పళ్లేలు పట్టే సంచి కొన్నాను. కొత్తగా వచ్చినవాళ్లని ఆపి “చెయ్యి కాదండీ, నడుం తిప్పాలి” అని పాఠం చెప్పాను. సోమవారం ఆఫీసు మీటింగులో అందరూ వారాంతం విశేషాలు చెబుతుంటే నేను 240 అన్నాను. 2012లో ప్రపంచ పోటీలు మా షార్లెట్‌లోనే జరిగాయని, పాల్ మెక్‌బెత్ మొదటిసారి టైటిల్ కొట్టింది ఇక్కడేనని చెప్పాను. ఆయనకీ నాకూ ఏదో చుట్టరికం ఉన్నట్టు చెప్పాను. 2021లో ఆయనతో ఒక డిస్కుల కంపెనీ పదేళ్లకి కోటి డాలర్ల ఒప్పందం రాసుకుంది. నీకూ నాకూ మధ్యనున్నది పది డాలర్ల ఒప్పందం. అయినా చెప్పాను.

ఆ మీటింగులోనే ఉన్న విజయవాడ అబ్బాయి, నాకంటే అయిదేళ్ల ముందు నుంచి ఆడుతున్నవాడు, తర్వాతి శనివారం నాతో వచ్చాడు. నా విసుర్లు రెండు చూశాడు. ఏమీ అనలేదు. తన సంచిలోంచి నీలాంటిదే తీశాడు. అదే అచ్చు, అవే నాలుగు అంకెలు, ఆఖరికి రంగు కూడా నీదే. ప్లాస్టిక్ ఒక్కటే వేరు. ఖరీదు రకం, ఇరవై డాలర్లు. మెరుస్తోంది. “అన్నా, ఇది ట్రై చెయ్.”

విసిరాను. నూట యాభై అడుగుల దగ్గర ఏదో మర్చిపోయినట్టు ఎడమకి తిరిగి అదే పైన్‌కి తగిలింది. ఆ చెట్టుకి నేను బాగా గుర్తున్నట్టున్నాను.

విజయవాడబ్బాయి అప్పుడు నిన్ను చేతిలోకి తీసుకుని, అంచు చుట్టూ బొటనవేలు ఒక్కసారి తిప్పి, చాలా గౌరవంగా చెప్పాడు.

“అన్నా, నువ్వు ఎదగలేదు. ఇది అరిగింది.”

నేనూ వేలు తిప్పి చూశాను. మూడు నెలలుగా చేతిలో పట్టుకుంటున్నా అప్పటిదాకా చూడనే లేదు. నున్నగా కత్తిలా ఉండాల్సిన అంచు మీద రంపపు పళ్లలా గాట్లు. ఒక్కో గాటు పక్కన పీచు లేచింది, కొత్త ప్లాస్టిక్ బకెట్ అంచున మిగిలే పీచులాంటిది, వేలికి గుచ్చుకుంటుంది. ఒకచోట గోరంత ముక్క లేదు. బెరడు రంగు, గడ్డి రంగు, ఎర్రమట్టి వరసగా పట్టి ఉన్నాయి. తారు మీద జారిన చోట హవాయి చెప్పు మడమ దగ్గర అరిగినట్టు ఏటవాలుగా పోయింది. వీపు మీద మాత్రం ఆ నాలుగు అంకెలు కొన్న రోజులాగే ఉన్నాయి. 12, 5, -1, 3. పెళ్లిళ్ల పేరయ్య దగ్గరుండే ఫొటోకి కూడా ఇంత ధైర్యం ఉండదు.

విషయం ఏమిటో ఆ పూట అతనే విడమరచి చెప్పాడు. నువ్వు గాల్లో బొంగరంలా తిరుగుతావు. జోరు మీదున్నప్పుడు గాలి నీ వెనకభాగాన్ని ఎక్కువ ఎత్తుతుంది, ముక్కు కిందకి వంగాలి. కానీ తిరిగే బొంగరాన్ని ఒకవైపు నెడితే అది ఇంకోవైపు ఒరుగుతుంది కదా. అందుకని ముక్కు వంగాల్సింది పోయి కుడికి ఒరుగుతావు. జోరు తగ్గాక ఒత్తిడి ముందుకి జరుగుతుంది, అప్పుడు ఎడమకి. ఈ తూకమంతా అంచు రూపం మీద ఉంది. అంచు చెడితే తూకం జరుగుతుంది, కుడి ఒరుగుడు పెరుగుతుంది, ఎడమ పడుడు తగ్గుతుంది. ఖరీదు ప్లాస్టిక్ చాలావరకు పాలీయూరిథేన్ రకం, చెట్టుకి తగిలితే ఒంగి మళ్లీ సర్దుకుంటుంది. ఇదే మార్పు దానికి రావాలంటే సీజన్లు పడుతుంది. నీకు ఒక పైన్ చెట్టు చాలింది. పైగా ఒకే అచ్చులో పోసినా, చల్లారేటప్పుడు ఒక్కో ప్లాస్టిక్ ఒక్కోలా కుంచించుకుంటుంది కాబట్టి పుట్టుకతోనే మీ ఇద్దరికీ కొంచెం తేడా ఉంటుందట. అన్నదమ్ములే, అంకెలు మాత్రం ఒకటే రాసి పంపిస్తారు.

అంటే ఆ మూడు వారాలు నా బలహీనమైన చేతికి సరిపడా నువ్వు చెడిపోయావు. ఆ సంగతి నాకు చెప్పలేదు. నడుం గురించి పాఠాలు చెబుతుంటే వింటూ కూర్చున్నావు. నా అసలు ఫిర్యాదు అదీ.

రెండో ఫిర్యాదు, అక్కడ ఆగకపోవడం. నాకు సరిపోయావు కదా, ఇక చాలు అనుకోవచ్చుగా? మూణ్ణాళ్ల ముచ్చట. జూన్‌లో కుడికి ఒరగడం మొదలెట్టి మళ్లీ సర్దుకోవడం మానేశావు. గాలి వెనక నుంచి వీస్తే ఫర్వాలేదు, కొంచెం బుద్ధిగా ఉంటావు. ఎదురుగాలి వచ్చిందా, అంతే. ఎదురుగాలికి అసలే ప్రతి పళ్లెమూ ఇంకా ఎక్కువ కుడికి పోతుంది, నువ్వయితే నిలువుగా లేచి నేలమీద పడి చక్రంలా దొర్లుకుంటూ పార్కింగ్ లాట్‌లోకి వెళ్లావు. ఎవరి కారు కిందకో. కారు యజమాని కింద నుంచి తీసిచ్చి “ఇది మీదేనా?” అన్నాడు. నీ మీద నా పేరు, ఫోన్ నంబరు మార్కర్‌తో రాసి ఉన్నాయి కాబట్టి కాదనలేకపోయాను.

రూల్సు చదివాను. అందులో నీకే న్యాయం జరిగింది. పోటీల్లో ఎగిరే తీరు మారేలా ఆటగాడు డిస్కుని మార్చకూడదు. పీచు లేచిన చోట, గీతలు పడ్డ చోట ఒక మాదిరిగా గరుకు కాగితం రుద్దుకోవచ్చు, అంతే. కానీ ఆటలో అరిగితే తప్పు లేదు. నేను మారిస్తే మోసం, పైన్ చెట్టు మారిస్తే అనుభవం. పగిలితే మాత్రం ఆటకి పనికిరావు. నిన్ను వెలుతురుకి పెట్టి పగులు కోసం వెతికాను, నిజం చెబుతున్నాను, కొంచెం ఆశతోనే వెతికాను. లేదు.

నీ స్థానంలో కొత్తదాన్ని కొన్నాను. నీ రకమే, పది డాలర్లదే. అది మళ్లీ పైన్‌లోకి పోయింది. దాన్ని అరగదీస్తూ ఇంకోటి కొన్నాను, అది కాలవలో మునిగింది. అలా అయిదు. మా ఆవిడ గరాజ్‌లో నిలబడి లెక్కపెట్టింది. “ఏవండీ, ఈ కంచాలు అయిదయ్యాయి. యాభై డాలర్లు. ఆ ఇరవై డాలర్లది రెండు కొనుంటే ఇంకా పది మిగిలేవి కదా?” కంచాలు కావు, డ్రైవర్లు అన్నాను. జవాబు చెప్పడానికి అదొక్కటే దొరికింది.

నీ పక్షాన ఒక్క మాట చెప్పాలంటే, అది కూడా మా అమ్మ చీపురు వల్లే చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో కొత్త కొండచీపురు వస్తే మొదటి వారం అది ఊడ్చేదానికంటే రాల్చేదే ఎక్కువ. తర్వాత హాల్లో పనికొస్తుంది. కొసలు అరిగాక వంటింటికి. మొద్దయ్యాక వాకిట్లోకి, నీళ్లు తోయడానికి. అమ్మ ఏ చీపురునీ పారేసేది కాదు, చోటు మార్చేది. ఈ ఆటలో ముదుర్లు చేసేది కూడా అదేనట. ఒకే రకం మూడు పెట్టుకుంటారు. కొత్తది ఎదురుగాలికి, సగం అరిగింది తిన్నగా పోవడానికి, బాగా అరిగింది కుడికి తిప్పడానికి. నిన్ను ఎడమ అంచు కిందకి వంచి విసిరితే దారిలో నీ అంతట నువ్వే చదునై తిన్నగా పోతావట. దాన్ని హైజర్ ఫ్లిప్ అంటారు. కొత్తదానికి నా చేత్తో ఆ విద్య రాదు. నాకు ఇదంతా ముందే తెలిసుంటే నిన్ను ఎదురుగాలికి విసిరి తిట్టేవాణ్ని కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నది నాలాంటివాణ్ని చూసే పుట్టుంటుంది. కాకపోతే నా మద్దెల నిజంగానే ఓడు, అదీ చిక్కు.

ఇంకో సంగతి విన్నావా? 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకి మొట్టమొదటి శాశ్వత కోర్సు, అంటే ఆడే మైదానం, వేసిన ఎడ్ హెడ్రిక్, గొలుసుల బుట్ట కూడా ఆయనదే, 2002లో పోయారు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనవాళ్లు గంగలో కలుపుతారు, ఆయన అచ్చులో కలవమన్నారు. ఏ రకం ప్లాస్టిక్‌లో కలిపారోనని ఆలోచిస్తూ ఒక రాత్రి నిద్ర పట్టలేదు. నీ రకం అయ్యుండకూడదని నా ప్రార్థన.

జులై నుంచి నువ్వు మా కరివేపాకు కుండీ కింద పళ్లెంగా ఉంటున్నావు. మా ఆవిడ పెట్టింది. నీళ్లు బాగా ఆపుతున్నావని మెచ్చుకుంది కూడా. ఇన్ని నెలల్లో నీకు మా ఇంట్లో దక్కిన మొదటి మెప్పు అదే. ఈ పూట వానకి కుండీని లోపల పెడుతూ నిన్ను పైకి తీశాను. బురద కడిగితే అడుగున ఆ నాలుగు అంకెలు.

రేపు పొద్దున ఏడింటికి వాన తగ్గుతుందంటున్నారు. గాలి వెనక నుంచి, నెమ్మదిగా. నాలుగో బుట్ట దగ్గర ఎడమ అంచు వంచి ఒక్కసారి చూద్దాం. విజయవాడబ్బాయికి చెప్పలేదు. కరివేపాకు కుండీ కిందకి వేరే పళ్లెం వెతికి పెట్టాను, స్టీల్‌ది, మా ఆవిడ ఇంకా చూడలేదు.

ఇట్లు,
240 అడుగులు