ఎండకు ఓర్చే గోధుమ ప్రకటనలతో రాదు

అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసిన దెబ్బ మన గోధుమ చేల దాకా వచ్చింది. మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన కేంద్రం ‘సిమిట్’ పరిశోధనలకు అందే అమెరికా నిధులకు 2025లో కోత పడింది. వాతావరణ మార్పును తట్టుకునే ధాన్యాలపై కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో నడుస్తున్న ప్రాజెక్టును ఆపేశారు. హరిత విప్లవానికి విత్తనం తెచ్చుకున్నది మెక్సికో నుంచే కాబట్టి, ఈ లోటు పూడ్చడానికి ముందుగా కదలాల్సింది మనమే.

2022 మార్చిని అప్పుడే మరిచిపోయామా? 1901 నుంచి అంత వేడి మార్చి లేదు. పంజాబ్, హర్యానాల్లో గింజ ముడుచుకుపోయింది. మే 13న కేంద్రం ఎగుమతులు నిషేధించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే ఎండలు ముదిరితే ఒక కమిటీ వేశారు.

కొత్త రకాలు వస్తున్నాయి కదా అంటుంది ప్రభుత్వం. 2024 ఆగస్టులో ప్రధాని 61 పంటల్లో 109 రకాలు విడుదల చేశారు. 2024-25లో గోధుమ ఉత్పత్తి 1,170 లక్షల టన్నులు దాటిందన్న లెక్కనూ కాదనం. కానీ వాతావరణం కలిసొచ్చిన ఏడాది లెక్క, కలిసిరాని ఏడాదికి భరోసా కాదు.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ) తెచ్చిన గోధుమ రకం హెచ్‌డీ 3385నే తీసుకోండి. అక్టోబర్‌లోనే విత్తినా, కొంత చలి తగిలేదాకా ఈ మొక్క వెన్ను తీయదు. ఆలోగా బలంగా ఎదిగి, మార్చి ఎండలు ముదరకముందే గింజ నింపుకుంటుంది. శాస్త్రవేత్తల ప్రతిభకు నమస్కారం. అయితే ఇది ఎండ నుంచి తప్పించుకోవడమే, ఎండను ఓర్చుకోవడం కాదు. వరి కోత ఆలస్యమై నవంబర్ మధ్యలో విత్తే రైతుకు దీనివల్ల ఏం ఒరుగుతుంది?

అసలు పని ఇంకా మిగిలే ఉంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే గింజలో పిండిపదార్థం తయారుచేసే ఎంజైమ్ మందగిస్తుంది. దాన్ని సరిచేయడం మాటలు కాదు. రొట్టె గోధుమలో 42 క్రోమోజోములు, మూడు జన్యు సముదాయాలు. చాలా జన్యువులకు మూడేసి నకళ్లుంటాయి, ఒక్కటి మారిస్తే చాలదు. గోధుమకు చుట్టాలైన అడవి గడ్డి జాతుల్లో వెతకాలి, సంకరం చేయాలి, ఏళ్ల తరబడి వేడి పొలాల్లో పరీక్షించాలి. మధ్యలో డబ్బు ఆగితే ఆ ఏళ్లు మళ్లీ రావు. ఇలాంటి పనికి ఫొటోలు, ప్రకటనలు ఉండవు. అందుకేనా నిధులూ ఉండవు?

మనకు చేతకాదన్న సాకు చెల్లదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి తెచ్చిన కొత్త వరిని 2025 మేలో దేశం చూసింది. వరికి సాధ్యమైనది గోధుమకు ఎందుకు కాదు? వ్యవసాయ జీడీపీలో కనీసం ఒక శాతం పరిశోధనకు ఇవ్వాలని నిపుణులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నా, దాని దరిదాపులకు కూడా చేరలేదు. విడుదల సభలకు మాత్రం లోటు లేదు.

ఎగుమతులు నిషేధించడానికి ఒక్క రాత్రి చాలింది. పరిశోధనకు డబ్బివ్వడానికి ఇన్ని బడ్జెట్లు ఎందుకు చాలలేదో వ్యవసాయ మంత్రి పార్లమెంటులో చెప్పాలి. వచ్చే మార్చిలో ఇంకో కమిటీ వేసి చేతులు దులుపుకుంటామంటే కుదరదు.