సవరణ: కెరీన్ అంటే దూసుకెళ్లడం ఒక్కటే కాదు

మొన్నటి పోస్టులో కెరీన్ (careen) అనే ఇంగ్లీష్ వెర్బ్‌కి అదుపు తప్పి దూసుకెళ్లడం అని ఒక్క అర్థమే ఉంది, అది సరిపోదండి. లాటిన్‌లో కెరీనా అంటే ఓడ అడుగున ఉండే వెన్నుదూలం, పూర్వం డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడని రిపేరు చేసే చోటు) దొరకని చోట ఓడని ఒడ్డుకి చేర్చి ఒక పక్కకి ఒరిగించి, అడుగున పట్టేసిన గుల్లలూ నాచూ గీకి, చెక్కల సందుల్లో నార కుక్కి తారు పూసేవాళ్లు, అలా ఒరిగించడమే కెరీన్. మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర పెరిగిన పిల్లలకి ఇలా చెప్తే చాలు, బట్టీ అక్కర్లేదు. ఒరుగుతూ ఊగుతూ వెళ్లడం అన్నది తర్వాత వచ్చింది, అమెరికాలో వేగంగా దూసుకెళ్లడం అనే అర్థమున్న కెరీర్ (career) అనే ఇంకో వెర్బ్‌తో కలిసిపోయి స్పీడు అర్థం బలపడింది. ఇప్పుడు డిక్షనరీలు కెరీన్‌కి ఈ రెండు అర్థాలూ ఒప్పుకుంటాయి, నేనైతే అరకు ఘాట్ మలుపులో ఒరిగిపోతూ వచ్చే లారీకి కెరీన్, బీచ్ రోడ్డులో తిన్నగా దూసుకుపోయే బైక్‌కి కెరీర్ వాడమంటాను.